పదిహేను రోజులకో సీసా

ఇద్దరూ ఒప్పుకుని వేసే విడాకుల పిటిషన్‌కు ఆరు నెలల గడువు ఇస్తారు. ఈలోగా మనసు మారుతుందేమో చూసుకోమని. లాయరు ఆ మాట చెబుతున్నప్పుడు నాకు గుర్తొచ్చింది మా పెళ్ళి కాదు, ఇంట్లో మేడ మెట్ల కింద ఉన్న ఇరవై నాలుగు బీరు సీసాలు. మా ఆయన స్వయంగా కాచిన నల్ల బీరు. అది తాగడానికి సరిగ్గా తయారవ్వాలన్నా ఆరు నెలలు ఆగాలని అతను చెప్పి ఉన్నాడు.

"ఏడాది నుంచి విడిగా ఉంటున్నారని రాస్తున్నానమ్మా," అన్నాడు లాయరు.

"నెలన్నరే అయిందండీ," అన్నాను.

"చట్టానికి ఏడాది ఉండాలమ్మా. ఒకే ఇంట్లో ఉన్నా ఎవరి బతుకు వాళ్ళది అయితే విడిగా ఉన్నట్టే."

ఆ లెక్కన ఏడాది కాదు, ఏడాదిన్నర రాసుకోవచ్చు. నేను సంతకం పెట్టాను. పక్క కుర్చీలో మా ఆయన కూడా పెట్టాడు. బయటికి వచ్చాక ఎండ ఎక్కువగా ఉందని ఇద్దరం అనుకుని, చెరో బండి ఎక్కి వచ్చేశాం.

నేను సినిమా ఎడిటర్‌ని. జూబ్లీహిల్స్‌లో ఒక పాత బంగళా కింది అంతస్తులో మా ఎడిటింగ్ గది. వెలుతురు రాకుండా కిటికీలకు నల్లగుడ్డ కొట్టేశారు. లోపల కూర్చుంటే బయట పొద్దుందో వాన పడుతోందో తెలియదు. ఇల్లు ఫిల్మ్‌నగర్‌లో, స్కూటీ మీద పది నిమిషాలు. మా ఆయన పదకొండేళ్ళు వాళ్ళ దగ్గరా వీళ్ళ దగ్గరా అసోసియేట్‌గా చేసి చివరికి ఒక సినిమాకు డైరెక్టర్ అయ్యాడు. ఆ సినిమాకు ఎడిటర్‌ని నేనే. తనది షేక్‌పేట పాత ఊరు. నాది కోస్తా. విడిపోయాక తను షేక్‌పేటలో వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళిపోయాడు. మా ఇంటికీ అక్కడికీ మధ్య పెద్ద దూరమేమీ లేదు. ఎవరమైనా వెళ్ళాలనుకుంటే వెళ్ళగలిగినంతే.

షూటింగు అయిపోయి సినిమా విడుదల కోసం చూస్తున్న చలికాలంలో తనకు ఈ బీరు పిచ్చి పట్టుకుంది. చేతులు ఖాళీగా ఉంటే తనకు భయం. మొలకెత్తించిన బార్లీతో చేసే మాల్ట్ పొడి ఎక్కడి నుంచో తెప్పించాడు. బార్లీ గింజలు మాత్రం ఇంట్లోనే, ఇనప మూకుడులో, కాఫీ గింజల రంగు వచ్చేదాకా వేయించాడు. మూడు రోజులు కర్టెన్లలోంచి మాడు వాసన పోలేదు. ఇంట్లో ఇలా కాచుకోవచ్చో లేదో చట్టాన్ని అడగాలని మా ఇద్దరికీ తోచలేదు. పెద్ద ప్లాస్టిక్ డబ్బాలో మూడు వారాలు పులియబెట్టి, ఒక ఆదివారం మధ్యాహ్నం సీసాల్లో పోయడానికి కూర్చున్నాం.

ఇక్కడ మా సినిమా వాళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి. సెట్‌లో ఎవరి డిపార్ట్‌మెంట్ వాళ్ళది. ఫ్రేములో కుర్చీ అడ్డంగా ఉంటే కెమెరామన్ కాలితో కూడా దాన్ని జరపడు, సెట్ వాళ్ళను కేకేస్తాడు. హీరోయిన్ నుదుటి మీద చెమట బొట్టు జారుతుంటే డైరెక్టర్ రుమాలు తియ్యడు, మేకప్ మనిషి వచ్చేదాకా ఆగుతాడు. లైటు స్టాండు మీద మరొకడు చెయ్యి వేస్తే గొడవలైపోతాయి. ఇది అహంకారం కాదు, మర్యాద. పదేళ్ళు ఆ మర్యాదలో బతికాక ఇంటికి వచ్చి దాన్ని చెప్పులతోపాటు గుమ్మం బయట వదలడం కుదరదు. మా ఇంట్లో వంట తనది, గిన్నెలు నావి. మొక్కలు నావి, కరెంటు బిల్లు తనది. తన కళ్ళ ముందే మొక్క ఎండిపోతున్నా నేను నీళ్ళు పోస్తేనే అది తాగాలి. అందరూ మమ్మల్ని చూసి ముచ్చటపడేవాళ్ళు, కాపురమంటే ఇలా ఉండాలని.

ఆ ఆదివారం కూడా పనులు పంచుకున్నాం. సీసాకు ఒక చిన్న చెంచాడు పంచదార వెయ్యడం నా పని. అందులో బీరు పోసి మూత బిగించడం తన పని. సీసాలో పడిన ఆ చెంచాడు తీపిని లోపల మిగిలిన ఈస్ట్ తిని గ్యాస్ పుట్టిస్తుందట. గ్యాస్ పట్టడానికి కొంతకాలం పడుతుంది, ఆపైన నెలలు గడిచే కొద్దీ రుచి మెత్తబడుతుంది. అంతవరకూ తను చెబితే విన్నాను. సీసాల మీద నంబర్లు కూడా ముందే నేనే రాసి అతికించాను, ఒకటి నుంచి ఇరవై నాలుగు దాకా.

మధ్యలో తనకు ఫోన్ వచ్చింది. సౌండ్ మిక్సింగ్ చేస్తున్న ఇంజినీరు. ఐదో రీల్లో దర్జీ సీను కనపడటం లేదేమిటని అడిగాడు.

అది ఏడు నిమిషాల సీను. ఒక ముసలి దర్జీ పాత చొక్కా కుట్లు ఒక్కొక్కటిగా విప్పి, చిన్నపిల్లవాడికి సరిపడేలా మళ్ళీ కుడతాడు. ఒక్క మాట ఉండదు. మా మామగారు దర్జీ. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆ సీను తను వాళ్ళ నాన్న కోసం తీసుకున్నాడని యూనిట్‌లో అందరికీ తెలుసు. నాకు ఇంకా బాగా తెలుసు. నిర్మాత పిలిచి సినిమా అక్కడ కూలబడుతోందమ్మా అన్నప్పుడు, చూసి, నిజమేననిపించి, తీసేశాను. తనకు చెప్పలేదు. చెబితే ఒప్పుకోడు, ఒప్పుకోకపోతే నిర్మాత, నేను, తను ముగ్గురం కూర్చోవాలి. ఆ కూర్చోవడం నాకు బద్ధకమనిపించింది. ఇప్పటికీ ఆ కత్తిరింపు సరైనదే అంటాను. చెప్పకపోవడం మాత్రం సిగ్గుమాలిన పని.

తను ఫోన్ పెట్టేసి, చేతిలోని సీసా నింపడం పూర్తి చేసి, మూత వేసి, అప్పుడు అడిగాడు.

"నాకొక్క మాట చెప్పొచ్చు గద?"

క్షమాపణ అడగాల్సిన చోట నాకు రోషం వచ్చింది. "ఎడిటింగ్ నా డిపార్ట్‌మెంట్. నీ డిపార్ట్‌మెంట్‌లోకి నేనెప్పుడైనా వచ్చానా?" అన్నాను.

తను ఇంకో ఖాళీ సీసా నా ముందుకు జరిపాడు. అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని, అక్కడితో పోయేది. నేను లేచి, పంచదార చెంచా చేతిలో ఉండగానే పడగ్గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. సాయంత్రం బయటికి వచ్చేసరికి సీసాలన్నీ మూతలు వేసి మెట్ల కింద సర్ది ఉన్నాయి. వంటింట్లో నేల తుడిచి ఉంది. వారం తర్వాత సినిమా వచ్చింది, శుక్రవారం వచ్చి సోమవారం పోయింది. ఇంకో వారానికి తను కూడా వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు బట్టలు తీసుకెళ్ళాడు కానీ బీరు ఊసెత్తలేదు.

పిటిషన్ వేసి వచ్చిన తర్వాతి ఆదివారం సాయంత్రం నాలుగింటికి, మెట్ల కింద ముందు వరసలో ఉన్న సీసా తీశాను. ఇరవై నాలుగో నంబరు. నాకసలు బీరంటే ఇష్టం లేదు. కానీ ఎడిటర్‌కి ఒక రోగం ఉంటుంది. షూట్ చేసిన ప్రతి ముక్కా చూడనిదే ఫైల్ మూయలేం. ఆరు నెలల గడువు, రెండు వారాలకో సీసా చొప్పున చూద్దాం అనుకున్నాను. ఎడిటింగ్ గదిలో వాడే లాగ్‌షీట్ల కట్ట ఒకటి ఇంట్లో ఉంది. దాని మీద రాశాను. "24. మాడు వాసన. బాగా చేదు. గ్యాస్ లేదు. ఎన్‌జీ." పనికిరాని టేకును మేం ఎన్‌జీ అంటాం.

చేదుగా ఉందని రాశాను కానీ అది నాకు చేదనిపించలేదు. నాలుకకు తెలిసింది, అంతే. ఆ రోజుల్లో అన్నీ అలాగే ఉండేవి. కర్రీ పాయింట్ నుంచి తెచ్చుకున్న వంకాయ కూరలో ఉప్పు ఎక్కువైందని తెలిసేది, తినేదాన్ని. ఒక కామెడీ సినిమా కట్ చేస్తున్నాను అప్పుడు. జనం ఎక్కడ నవ్వుతారో ఫ్రేముతో సహా చెప్పగలిగేదాన్ని. పక్కన దర్శకుడు పొట్ట పట్టుకుని నవ్వేవాడు. నేను అతని నవ్వు ఎంతసేపుందో చూసి, అంత జాగా వదిలి, తర్వాతి షాట్ అతికించేదాన్ని. ఏడుపు వస్తుందేమోనని కొన్నాళ్ళు చూశాను. రాలేదు. దాని కోసం ఎదురుచూడటం కూడా మానేశాను.

పదిహేను రోజులకు ఇరవై మూడు. ఇంకో పదిహేను రోజులకు ఇరవై రెండు. ఎండాకాలం ముదిరింది. సీసాలు వేడెక్కకుండా వాటి మీద తడి గోనెసంచి కప్పాలని తను ఎప్పుడో అన్నది గుర్తొచ్చి కప్పాను. రెండు నెలలు దాటేసరికి మాడు వాసన వెనక్కి తగ్గి కాఫీ పొడి వాసన ముందుకొచ్చింది. మూడో నెలలో పాకం అడుగంటినప్పటి వాసన. ఆ తర్వాత ఎండు ఖర్జూరం. గరగరా గొంతులో గీరుకునే గుణం పోయి, నున్నగా దిగడం మొదలైంది. ఇవన్నీ లాగ్‌షీట్ మీద ఉన్నాయి. నా చేతిరాతే. చదువుకుంటే ఎవరో జాగ్రత్తగల మనిషి రాసినట్టు ఉంటుంది. ప్రతి దాని చివరా ఒకే మాట. గ్యాస్ లేదు.

గ్లాసులో పోస్తే నురగ రాదు. నల్లగా, కదలకుండా, కషాయంలా ఉంటుంది. ఇంకా టైం పడుతుందేమో అనుకున్నాను. ఆరు నెలలన్నాడు కదా. ఆఖర్న పొంగుతుందేమో. నాకు తెలియని డిపార్ట్‌మెంట్ గురించి నేను మాట్లాడను.

నాలుగో నెల చివర్లో మా అత్తయ్య వచ్చింది. చెప్పకుండా, షేక్‌పేట నుంచి ఆటోలో, స్టీలు డబ్బాలో సర్వపిండి పెట్టుకుని. ఆమె వచ్చింది ఆదివారం నాలుగింటికి. గ్లాసు నా ముందే ఉంది. దాచడానికి కూడా నాకు ఓపిక లేదు.

"గదేంది బిడ్డా?"

"మీ అబ్బాయి చేసిన బీరు అత్తయ్యా."

చిన్నప్పుడు ఊళ్ళో కల్లు తాగి పెరిగిన మనిషి ఆమె. మొహమాటం లేకుండా గ్లాసు తీసుకుని ముందు వాసన చూసింది, తర్వాత గుటకేసింది. చప్పరించింది.

"వాసన మంచిగనే ఉంది. పొంగు ఏది? సచ్చిన కల్లు లెక్క ఉన్నది."

"ఇంకా టైం పడుతుందేమో."

"పొంగేదైతే గిప్పటికే పొంగేది. తీపేమేసిన్రు దీంట్ల? తీపి లేకుంటే ఏం తిని పొంగుతది అది?"

ఆమె సర్వపిండి ముక్క తుంచి నా చేతిలో పెట్టి, తనొకటి నములుతూ, ఇంట్లో వాళ్ళబ్బాయి సరిగా తింటున్నాడో లేదో, ఏం వండిందో చెప్పింది. కోర్టు సంగతి ఎత్తదేమో అనుకున్నాను. వెళ్ళేటప్పుడు చెప్పులు వేసుకుంటూ అడిగింది.

"ఆ దినం ఏ చీర కట్టుకుంటవ్?"

"ఇంకా అనుకోలేదు అత్తయ్యా."

"జర మంచిది కట్టుకో," అని దిగి వెళ్ళిపోయింది. ఆమె అన్నదాంట్లో కోపం ఉందో, దిగులు ఉందో, లేక నిజంగా చీర గురించే అడిగిందో నాకు అర్థం కాలేదు.

ఆమె వెళ్ళాక లెక్కపెట్టుకున్నాను. ఫోన్ వచ్చేసరికి నేను ఎన్ని సీసాల్లో పంచదార వేశాను? పది దాటింది. పదిహేను కాలేదు. అంతకు మించి గుర్తు రాలేదు.

గడువుకు రెండు వారాల ముందు తను వచ్చాడు, మిగిలిన పుస్తకాలు, పాత హార్డ్ డిస్కులు తీసుకెళ్ళడానికి. ముందే మెసేజ్ పెట్టి, నేను సరేనన్నాకే వచ్చాడు. అట్టపెట్టెలో సర్దుకుంటుంటే కాఫీ ఇవ్వాలా అనుకున్నాను. వంట తనది కదా, ఈ ఇంట్లో కాఫీ ఎప్పుడూ తనే కలిపేవాడు. కాఫీ బదులు పన్నెండో నంబరు సీసా తెచ్చి రెండు గ్లాసుల్లో పోశాను.

గ్లాసు వంక చూసి తను నవ్వలేదు, ఆశ్చర్యపోలేదు.

"ముందట వరస నుంచి తాగుతున్నవా?"

"అవును. అన్నీ ఇలాగే ఉన్నాయి. వీటిలో పంచదార వెయ్యలేదా నువ్వు?"

"పదకొండింటికి నువ్వేసినవ్ గద."

"మిగతా వాటికి?"

"నువ్వొస్తవనుకున్న. అరగంట చూసిన. గాలికి తెరిచి పెడితే పాడైతదని మూతలేసేసిన."

"చెంచాడు పంచదారే కదా. నువ్వే వేసుకోవచ్చుగా."

"చక్కెర నీ డిపార్ట్‌మెంట్," అన్నాడు.

ఎత్తిపొడుపు కాదు. ఆ గొంతు నాకు తెలుసు. సెట్‌లో కుర్చీ జరపమని కేకెయ్యబోయే ముందు ఉండే గొంతు. తను నిజంగానే ఆ అరగంట డబ్బా ముందు కూర్చుని నా తలుపు వంక చూశాడు. తలుపు కొట్టాలని తనకు తోచలేదు. బయటికి రావాలని నాకు తోచలేదు. పదమూడు సీసాలు చప్పగా పోయాయి.

"పిలవొచ్చుగా ఒక్కసారి," అన్నాను.

"పిలిస్తే వచ్చేదానివా?"

అబద్ధం చెప్పి ఉంటే బాగుండేది. "ఏమో," అన్నాను. వచ్చేదాన్ని కాదు. ఆ మాట తనకీ తెలుసు.

తను లేచి మెట్ల కిందికి వంగి, వెనక వరస నుంచి ఏడో నంబరు తీసుకొచ్చాడు. మూత లేపగానే సీసా బుస్సుమంది. పోస్తుంటే గోధుమరంగు నురగ అంచు దాటి గ్లాసు మీంచి కారి టీపాయి మీద మడుగు కట్టింది. ఎవరమూ తుడవలేదు. తాగాను. ఆరు నెలలుగా లాగ్‌షీట్‌లో రాస్తూ వచ్చిన కాఫీ, పాకం, ఖర్జూరం అన్నీ అందులో ఉన్నాయి, కాకపోతే ఇప్పుడవి నాలుక మీద కదులుతున్నాయి. నా జీవితంలో తాగిన వాటిలో అంత మంచిది ఇంకొకటి లేదు.

"మంచిగైంది," అన్నాడు.

"చాలా బాగుంది," అన్నాను.

దర్జీ సీను గురించి అప్పుడు చెప్పాను. తీసేయడం తప్పు కాదు, నీకు చెప్పకపోవడం తప్పు అన్నాను. ఆరు నెలలు పట్టింది ఆ వాక్యం అనడానికి. తను తలూపాడు. "గది నాక్కూడ పొడుగే అనిపించింది," అన్నాడు, గ్లాసులోకి చూస్తూ. తర్వాత చాలాసేపు ఇద్దరం ఏవో మాట్లాడుకున్నాం. ఎవరి సినిమా ఆగిపోయింది, ఎవరు ఆఫీసు మార్చారు, వాళ్ళమ్మ మోకాలు ఎలా ఉంది. తను అట్టపెట్టె ఎత్తుకుని, హెల్మెట్ చేతికి తగిలించుకుని గుమ్మంలో కాసేపు నిలబడ్డాడు. నేను ఉండమంటానేమో అని నాకే అనిపించింది. అనలేదు. ఏమైనా అడుగుతాడేమో అని చూశాను. అడగలేదు. బండి స్టార్ట్ అయిన చప్పుడు వినపడ్డాక టీపాయి తుడిచాను.

కోర్టు రోజున మంచి చీరే కట్టుకున్నాను. నీలం రంగుది. తను ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. మా నంబరు రావడానికి మధ్యాహ్నం అయింది. ఆ వరండాలో బల్లల మీద కూర్చున్న జంటల్లో కొందరు పోట్లాడుకుంటున్నారు, ఒకామె ఏడుస్తోంది. వాళ్ళను చూస్తే నాకు కొంచెం అసూయ వేసింది. మా ఇద్దరి మధ్యలో ఒక మనిషి కూర్చునేంత ఖాళీ ఉంది. ఎవరో వచ్చి అక్కడ కూర్చుంటానంటే ఇద్దరం జరిగి చోటిచ్చాం.

లోపల జడ్జిగారు ఆడావిడ. కళ్ళజోడు మీంచి ఇద్దర్నీ చూసింది. కాగితాలు తిరగేసింది. ఎవరి బలవంతమూ లేదు కదా అని అడిగింది. లేదన్నాం. తర్వాత, బహుశా అందరినీ అడిగే ప్రశ్నే, అడిగింది.

"మళ్ళీ కలిసుండే అవకాశం ఏమైనా ఉందా?"

మొదటి పిటిషనర్ తను. ముందు తనే చెప్పాలి. తను చెప్పలేదు. నా వంక తిరిగి చూశాడు. తప్పించుకుంటున్నాడనుకున్నాను. చేదు పని నా నెత్తిన పెడుతున్నాడనుకున్నాను. నా నోట్లో ఆ క్షణాన ఉన్న నిజమైన జవాబు "ఏమో." జడ్జిగారితో ఏమో అనడం బాగుండదు కదా. పైగా అప్పటికి గుమాస్తా పెన్ను కాగితం మీద ఆనించి ఉన్నాడు.

"లేదండీ," అన్నాను.

తను మళ్ళీ ముందుకు తిరిగాడు. "లేదు మేడమ్," అన్నాడు.

సంతకాలు పెట్టించుకున్నారు. అంతా కలిపి ఐదు నిమిషాలు. మెట్లు దిగుతుండగా తను నా పక్కకు వచ్చాడు. ఏదో కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ, నా మొహం చూడకుండా అన్నాడు.

"లోపల నువ్వు 'ఉన్నది' అంటవేమోనని జర ఆగిన."

నేను నిలబడిపోయాను. తను నిలబడలేదు. పార్కింగ్ వైపు నడుస్తూ, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుంటూ వెళ్ళిపోయాడు. కేకేస్తే వినపడేంత దూరంలోనే ఉన్నాడు చాలాసేపు. ఎక్కడో పక్కటెముకల కింద మొదలై మెడ దాకా వచ్చింది నొప్పి, ఇన్నాళ్ళకి, ఎవరో గుద్దినంత స్పష్టంగా. నీలం చీర నలుగుతుందని కూడా చూసుకోకుండా ఆ మెట్ల మీదే కూర్చుని ఏడ్చాను. లోపల అప్పటికే తర్వాతి జంటను పిలుస్తున్నారు.